నాలుగు గంటల్లో గోల్ఫ్ రౌండ్ అయిపోవాలంటే ఏం చేయాలి

ఆదివారం పొద్దున క్లబ్‌లో పద్దెనిమిది హోల్స్‌కి (మొదటి షాట్ కొట్టే చోటు నుంచి గుంట దాకా ఒక్కోటి ఒక హోల్) ఐదు గంటలు పట్టడం చాలా చోట్ల మామూలైపోయింది. మార్చి దాటిందంటే హైదరాబాద్‌లో ఆరున్నరకి మొదలుపెట్టినా చివరి హోల్స్ మండే ఎండలోనే ఆడాలి, అప్పటికి ఒంట్లో ఓపిక ఉండదు, ఇంట్లో వాళ్లకి చెప్పిన టైమ్ ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. గోల్ఫ్ మానేసిన వాళ్లని అడిగి చూడండి, ఆట నచ్చక మానేసిన వాళ్లకంటే పొద్దంతా దానికే పోతోందని మానేసిన వాళ్లే ఎక్కువ కనిపిస్తారు. అందుకే ఈ విషయాన్ని నేను మర్యాదల జాబితాలో చివరి అంశంగా చూడలేను.

ముందు ఒక లెక్క. గ్రూపులో నలుగురూ తలా 90 షాట్లు కొట్టారనుకోండి, మొత్తం 360 షాట్లు. ఒక్కో షాట్‌కి పది సెకన్లు తగ్గిస్తే 3600 సెకన్లు, అంటే సరిగ్గా గంట. దీనికోసం ఎవరూ పరిగెత్తక్కర్లేదు, స్వింగ్‌లో తొందరపడక్కర్లేదు. టైమ్ పోయేది స్వింగ్‌లో కాదు, దానికి ముందు. పక్కవాడు కొడుతున్నంతసేపూ ఊరికే నిలబడి, మన వంతు వచ్చాక అప్పుడు గ్లోవ్ తొడుక్కుని, అప్పుడు దూరం చూసుకుని, అప్పుడు క్యాడీతో (బ్యాగు మోసే సహాయకుడితో) సెవెన్ నంబర్ క్లబ్బా (బంతి కొట్టే కర్ర) సిక్సా అని చర్చ మొదలుపెడతామే, అక్కడ పోతుంది. ఆ పనులన్నీ మీ బంతి దగ్గరికి నడిచేటప్పుడు, అవతలివాళ్లకి అడ్డం రాకుండా, చేసేసుకోండి. 2019లో మారిన రూల్స్ కూడా, అడ్డం లేకుండా ఆడగలిగే స్థితికి వచ్చాక 40 సెకన్ల లోపు షాట్ కొట్టమనీ, మామూలుగా అంతకంటే త్వరగానే కొట్టగలగాలనీ చెబుతున్నాయి. ప్రాక్టీస్ స్వింగ్ ఒకటి చాలు.

రెడీ గోల్ఫ్ (వరుస చూడకుండా సిద్ధంగా ఉన్నవాళ్లు ముందు కొట్టేయడం) అంటే చాలామందికి ఇంకా మొహమాటమే. హోల్‌కి దూరంగా ఉన్నవాళ్లే ముందు కొట్టాలి, టీ (హోల్ మొదటి షాట్ కొట్టే చోటు) మీద ముందు హోల్ గెలిచినవాళ్లదే మొదటి వంతు అని నేర్చుకున్నాం కదా. మొత్తం షాట్లు లెక్కించే స్ట్రోక్ ప్లేలో, హోల్ హోల్‌కీ పాయింట్లిచ్చే స్టేబుల్‌ఫోర్డ్‌లో ఎవరు సిద్ధంగా ఉంటే వాళ్లు కొట్టొచ్చు, ఎవరికీ ప్రమాదం లేకుండా అలా ఆడమని రూల్సే ప్రోత్సహిస్తున్నాయి. ఎవరు ఎన్ని హోల్స్ గెలిచారో చూసే మ్యాచ్ ప్లేలో మాత్రం అవతలివాళ్లతో ఒప్పుకున్నాకే. పొడుగు కొట్టేవాడు ముందు గ్రూపు గ్రీన్ (గుంట చుట్టూ ఉండే నున్నటి గడ్డి) ఖాళీ చేసేదాకా ఆగాలి, సరే, ఆ లోపల 150 గజాలే కొట్టేవాడు కొట్టేయొచ్చుగా.

చాలా టైమ్ తినే ఇంకో పని బంతి వెతుకులాట. వెతకడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి మూడు నిమిషాలే, పాత ఐదు నిమిషాలు 2019లోనే పోయాయి. నలుగురూ నాలుగు క్యాడీలూ ఒకే పొదలో దూరడం వద్దు, మిగతావాళ్లు ముందు తమ షాట్లు కొట్టేసి ఆ తర్వాత సాయానికి రావాలి. బంతి పోయిందేమో, బయటికి వెళ్లిందేమో అని ఏ కాస్త అనుమానం ఉన్నా అక్కడే రెండో బంతి కొట్టండి, కొట్టే ముందు "ప్రొవిజనల్" (తాత్కాలిక బంతి) అని వినపడేలా చెప్పండి. చెప్పకపోతే ఆ రెండో బంతే ఇక మీ అసలు బంతి. క్లబ్ కమిటీ ఒప్పుకుంటే ఇంకో వెసులుబాటు ఉంది: బంతి పోయినా, అవుట్ ఆఫ్ బౌండ్స్ (కోర్సు హద్దు బయట) అయినా, వెనక్కి నడిచి వెళ్లకుండా ఫెయిర్‌వే (గడ్డి కత్తిరించిన ప్రధాన దారి) పక్కన డ్రాప్ చేసి (బంతిని చేత్తో వదిలి) రెండు పెనాల్టీ స్ట్రోకులు వేసుకోవడం. వారాంతపు ఆటలకి మన క్లబ్బులన్నీ ఈ లోకల్ రూల్ పెట్టుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఎదురుగా కనపడని టీ షాట్లకి ఒక క్యాడీని ముందే పంపండి, మన దగ్గర క్యాడీలున్న క్లబ్బులకి అది పెద్ద వరం, వాళ్ల కళ్లకి దొరకని బంతి మీకూ దొరకదు.

గ్రీన్ మీద ఒకరు పట్ చేస్తుండగానే (గుంటలోకి బంతిని దొర్లిస్తుండగానే) మీ లైన్ చూసుకోవచ్చు, గుంటలోని జెండా తీయకుండానే పట్ చేయొచ్చు. రెండడుగుల్లో మిగిలిన పట్‌కి మార్క్ చేసి (బంతి ఉన్న చోట గుర్తు పెట్టి), బంతి తుడిచి, మళ్లీ గీత సరిచూసుకోవడం ఎందుకు, ఎవరి లైన్ తొక్కకుండా ఉంటే పూర్తి చేసేయండి. బ్యాగు గానీ కార్టు గానీ గ్రీన్ ముందు వదిలేయకుండా తర్వాతి టీ వైపు పెట్టించండి. స్కోరు గ్రీన్ మీద నిలబడి రాయొద్దు, టీ దగ్గర రాసుకోవచ్చు.

స్టేబుల్‌ఫోర్డ్‌లో ఇక పాయింటు రాదని తేలగానే బంతి ఎత్తేసి జేబులో వేసుకోండి, అది ఓటమి కాదు, ఆ ఆట అలాగే తయారైంది. హ్యాండిక్యాప్ (ఆటగాడి స్థాయి చెప్పే అంకె) లెక్కలోనూ హోల్‌కి గరిష్ఠం నెట్ డబుల్ బోగీయే (హోల్‌కి నిర్ణయించిన షాట్లకంటే, మీ హ్యాండిక్యాప్ వెసులుబాటు కలుపుకుని, రెండు ఎక్కువ) కాబట్టి మీకు పోయేదేమీ లేదు. మామూలు స్ట్రోక్ ప్లే పోటీలో మాత్రం చివరిదాకా ఆడి బంతిని గుంటలో వేయాల్సిందే.

మీరు సరైన చోట ఉన్నారా అని తెలుసుకోవడానికి వెనక్కి చూడకండి. "వెనకవాళ్లు ఇంకా రాలేదుగా" అన్నది లెక్కలోకి రాదు, ముందు గ్రూపు గ్రీన్ దిగేసరికి మీరు అప్రోచ్ (గ్రీన్ మీదకి కొట్టే షాట్) కొట్టడానికి సిద్ధంగా ఉన్నారా లేదా అన్నదే చూడాలి. ముందు ఒక హోల్ మొత్తం ఖాళీ అయి, వెనక వాళ్లు నడుముల మీద చేతులేసుకుని నిలబడి ఉంటే దారి ఇచ్చేయండి. పార్ త్రీ (మూడు షాట్లలో ముగించాల్సిన చిన్న హోల్) దీనికి మంచి చోటు, మీ బంతులు మార్క్ చేసి పక్కకి జరిగి చెయ్యి ఊపితే చాలు. ముందంతా జామ్ అయి ఉంటే మాత్రం దారి ఇచ్చినా లాభం లేదు. తొమ్మిది హోల్స్ తర్వాత ఆమ్లెట్ తినాలనుంటే ఎనిమిదో హోల్ దగ్గర్నుంచే ఫోన్ చేసి చెప్పేయండి, కూర్చుని ఆర్డర్ ఇస్తే ఇరవై నిమిషాలు అక్కడే అయిపోతాయి.

తప్పంతా ఆడేవాళ్లదే అనడం కూడా న్యాయం కాదు. ఏడేసి నిమిషాలకి ఒక గ్రూపుని వదిలి, పార్ త్రీలో ఒక్కో గ్రూపుకి పది నిమిషాలు పడుతుంటే ఎంత చురుగ్గా ఆడినా అక్కడ క్యూ కట్టాల్సిందే. కమిటీ వాళ్లు టీ టైమ్‌ల మధ్య పది నిమిషాలు ఇవ్వాలి, ఫెయిర్‌వే పక్కన రఫ్ (పొడుగు గడ్డి) మరీ పెరగనివ్వకూడదు, ఆదివారాలు పిన్‌ని (జెండా ఉన్న గుంటని) వాలు మీద పెట్టించకూడదు.

ఇక గ్రూపులో ఒక సీనియర్ సార్ నెమ్మదిగా ఆడుతున్నారు, వయసులో పెద్దాయన, మొహం మీద ఎలా చెప్పాలి? చెప్పక్కర్లేదు. "సార్, నేను రెడీగా ఉన్నా, కొట్టేయనా?" అని అడిగి కొట్టేయండి. ఆయన క్యాడీతో మొదటి టీ దగ్గరే మాట్లాడి, సార్ బంతి దగ్గరికి చేరేసరికి దూరం చెప్పి రెండు క్లబ్బులు తీసి ఉంచమనండి. ఇలా ఆడితే మొదటి మూడు హోల్స్‌లోనే ఆయన కూడా మీ నడకకి అలవాటు పడిపోతారు.