పిల్లికూనకు విరేచనాలు ఆగకపోతే: మందు వేయడానికి ముందు తీసుకోవలసిన జాగ్రత్తలు

పిల్లికూనకు ఒకటి రెండు రోజులు విరేచనం పలచగా కావడం అరుదైన విషయం కాదు. తల్లిపాలు మాని ఘనాహారానికి అలవాటు పడేటప్పుడు, కొత్త ఇంటికి వచ్చినప్పుడు, ఆహారం ఒక్కసారిగా మార్చినప్పుడు, కడుపు పట్టినదానికన్నా ఎక్కువ తిన్నప్పుడు ఇలా జరిగి తనంతట తానే సర్దుకుంటుంది. అదే విరేచనం రెండు మూడు వారాల పాటు సాగినా, నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ మొదలవుతున్నా దానిని దీర్ఘకాలిక సమస్యగానే లెక్కించాలి. ఇలాంటి కూనల విషయంలో నేను ఎక్కువగా చూసిన పొరపాటు మందు వేయకపోవడం కాదు. ఒకే వారంలో ఆహారం మార్చి, పురుగుల మందు పోసి, యాంటీబయాటిక్ కూడా ఇచ్చి, వాటిలో ఏది మేలు చేసిందో, ఏది చెడగొట్టిందో ఎవరికీ అంతుపట్టకుండా చేసుకోవడం. అందుకే చికిత్స మొదలుపెట్టక ముందే కొన్ని పనులు వరుసగా చేసుకోవడం మంచిది.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది, మన చేతిలో వ్యవధి ఉన్నదా లేదా అన్నది. విరేచనం పలచగా ఉన్నా కూన ఆడుకుంటూ, ఆకలిగా తింటూ, తన ఒళ్ళు తాను నాక్కుని శుభ్రం చేసుకుంటూ ఉంటే ఒకటి రెండు రోజులు గమనించడానికి వీలుంటుంది. తిండి ముట్టకుండా మూలన ముడుచుకుని పడుకున్నా, వాంతులు కూడా తోడైనా, మలం తారులా నల్లగా ఉన్నా, రక్తం ఎక్కువగా పడుతున్నా ఆ రోజే పశువైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి. ఎనిమిది వారాల వయసు నిండని కూన విషయంలో ఈ లక్షణాలేవీ లేకపోయినా ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే అంత చిన్న ఒంట్లో నీరూ చక్కెరా నిల్వ ఉండేది చాలా తక్కువ. టీకాలు పూర్తికాని కూనకు జ్వరం, వాంతులు, నీళ్ళ విరేచనాలు కలిసి వస్తే పాన్‌ల్యూకోపీనియా అనే పార్వోవైరస్ వ్యాధిని ముందుగా అనుమానించాలి. అది గంటల లెక్కన ముదిరే జబ్బు.

ఒంట్లో నీరు తగ్గిందో లేదో తెలుసుకోవడానికి కూన పై పెదవి కొద్దిగా ఎత్తి, చిగురు మీద వేలు ఆనించి చూడాలి. ఆరోగ్యంగా ఉన్న చిగురు గులాబి రంగులో, తడిగా, జారుడుగా ఉంటుంది. నీరు తగ్గినప్పుడు వేలికి బంకలా అంటుకుంటుంది. భుజాల మధ్య చర్మాన్ని పైకి లాగి వదిలితే వెంటనే సర్దుకుంటుందా లేదా అని చూసే పద్ధతి కూడా ఉంది కానీ, బాగా చిక్కిపోయిన కూనలలో చర్మం నీరున్నా లేకున్నా వదులుగానే ఉంటుంది కనుక దాని మీదే ఆధారపడకూడదు. పిల్లి ఒంటి ఉష్ణోగ్రత సాధారణంగా 38 నుండి 39.2 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉంటుంది. జబ్బుపడిన కూన ఒళ్ళు చల్లబడటం జ్వరం కన్నా ప్రమాదకరం.

ఇంట్లో కొనుక్కోదగిన పరికరం ఒక్కటే ఉంటే అది గ్రాములు చూపే వంటింటి త్రాసు అని నా అభిప్రాయం. ఎదిగే కూన వారానికి దాదాపు 100 గ్రాములు బరువు పెరగాలి. ఒకసారి మా ఇంట్లో మూడు నెలల కూన రోజంతా తెరలెక్కి ఉయ్యాలలూగుతుంటే విరేచనాల సంగతి మేము అంతగా పట్టించుకోలేదు; వారం తరువాత ఒక గిన్నెలో కూర్చోబెట్టి తూచినప్పుడు, పెరగవలసిన బరువు పెరగకపోగా 60 గ్రాములు తగ్గినట్టు తేలింది. బొచ్చు కింద దాగిన ఎముకలు కంటికి కనబడవు, ఉత్సాహం మోసం చేస్తుంది. రోజూ ఒకే వేళకు, తిండి పెట్టక ముందు తూచి, ఆ అంకెను మలం వివరాల పక్కనే రాసి పెట్టుకోవాలి. బరువు పెరుగుతున్న కూనకు పరీక్షల కోసం ఆగే వెసులుబాటు ఉంటుంది. తగ్గుతున్న కూనకు ఉండదు.

మలాన్ని పరిశీలించడం అసహ్యంగా అనిపించినా వైద్యునికి ఎక్కువగా ఉపయోగపడేది ఆ సమాచారమే. రోజుకు రెండు మూడు సార్లే వెళ్తూ, వెళ్ళిన ప్రతిసారీ ఎక్కువ మొత్తంలో పోతూ, ఎంత తిన్నా ఒంటికి పట్టకుండా చిక్కిపోతుంటే లోపం చిన్న పేగులో ఉన్నదని అనుమానించాలి. అలా కాకుండా గంటకోసారి మలవిసర్జన ట్రేలోకి దూకి, వీపు విల్లులా వంచి ముక్కి ముక్కి చెంచాడు మలమే వేస్తుంటే, దాని మీద పచ్చిగుడ్డు తెల్లసొన లాంటి జిగట, అక్కడక్కడా ఎర్రని రక్తపు చార కనిపిస్తుంటే అది పెద్ద పేగుకు సంబంధించిన జిగట విరేచనం. కారణాల జాబితా ఈ రెంటికీ ఒకటి కాదు. అందువల్ల ‘మోషన్స్ అవుతున్నాయి’ అని ఒక్క ముక్క చెప్పి ఊరుకోకుండా ఎన్నిసార్లు, ఎంత, ఏ రంగు, జిగట ఉన్నదా, ఎప్పటి నుండి అన్నవి చెప్పగలగాలి. ఫోనులో ఫోటో తీసి చూపించడానికి మొహమాటపడనవసరం లేదు, వైద్యులు అంతకన్నా ఘోరమైనవి చూసి ఉంటారు. ఇంట్లో ఇతర పిల్లులుంటే ఎవరి మలం ఎవరిదో తెలియడానికి జబ్బు కూనకు విడిగా గది, విడిగా ట్రే ఏర్పాటు చేయాలి.

మలం నమూనాను మందు మొదలుపెట్టక ముందే తీసుకోవాలి. మందు పడిన తరువాత సూక్ష్మజీవుల సంఖ్య తగ్గి, అవి ఉన్నా పరీక్షలో కనబడకుండా పోవచ్చు. ట్రేలో పోసే లిట్టర్ గుళికలు అంటని భాగాన్ని మూత ఉన్న శుభ్రమైన డబ్బాలోకి తీసుకుని వీలైనంత త్వరగా చేర్చాలి. జియార్డియా అనే ఏకకణజీవి రోజూ మలంలో బయటపడదు. కొన్ని రోజులు పడి కొన్ని రోజులు పడకుండా ఉంటుంది కనుక, మూడు నుండి ఐదు రోజుల వ్యవధిలో మూడు నమూనాలు చూపించడమో, ఆ జీవి ప్రోటీన్లను గుర్తించే ప్రత్యేకమైన యాంటిజెన్ పరీక్ష చేయించడమో అవసరమవుతుంది. ఒక్క నమూనాలో ఏమీ లేదని వచ్చినంత మాత్రాన అది లేదని నమ్మకూడదు. ట్రైట్రైకోమోనాస్ అనే మరో ఏకకణజీవి కోసం చూస్తున్నప్పుడు నమూనాను ఫ్రిజ్‌లో పెడితే ఆ జీవి చచ్చిపోయి సూక్ష్మదర్శిని కింద కదలిక కనబడదు. ఏ పరీక్షకు ఎలా భద్రపరచాలో ముందే అడిగి తెలుసుకోవాలి.

ఈ ట్రైట్రైకోమోనాస్ గురించి కాస్త ఎక్కువగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే యజమానులను నెలల తరబడి విసిగించేది ఇదే. ఏడాది లోపు వయసున్న, ఎక్కువ పిల్లులు కలిసి పెరిగిన చోటు నుండి వచ్చిన కూనలలో ఇది తరచుగా కనిపిస్తుంది. కూన పైకి బాగానే ఉంటుంది, తింటుంది, ఆడుతుంది. మలం మాత్రం పేడలా మెత్తగా, భరించలేని కంపుతో, జిగటతో వస్తుంది, కొన్నిసార్లు దానికి తెలియకుండానే కారిపోతుంది. సూక్ష్మదర్శిని కింద దీనిని చూసి జియార్డియాగా పొరబడటం సులభం. ఆ పొరపాటు జరిగితే మెట్రోనిడజోల్, ఫెన్‌బెండజోల్ లాంటి మందులు వాడతారు, వాడినన్నాళ్ళు కొంత తగ్గినట్టు ఉంటుంది, ఆపగానే మళ్ళీ మొదటికి వస్తుంది. కచ్చితంగా తేల్చడానికి, ఆ జీవి డీఎన్‌ఏను గుర్తించే పీసీఆర్ పరీక్ష చేయించాలి. దీని మీద పనిచేసే రోనిడజోల్ అనే మందు నాడీవ్యవస్థ మీద దుష్ప్రభావం చూపగలదు కనుక బరువును బట్టి వైద్యుడే మోతాదు నిర్ణయించాలి. నడక తూలినా, ఆకలి మందగించినా మందు ఆపి వెంటనే తెలియజేయాలి. మందు లేకపోయినా చాలా పిల్లులలో ఇది కాలక్రమంలో సద్దుమణుగుతుంది, అయితే అందుకు ఒక్కోసారి రెండేళ్ళ వరకు పడుతుంది.

పురుగుల విషయానికి వస్తే, ‘ఒకసారి మందు పోశాము’ అన్నది సరిపోయే సమాధానం కాదు. ఏలికపాములు తల్లిపాల ద్వారానే కూనలకు చేరతాయి కాబట్టి మూడు వారాల వయసు నుండి రెండు వారాలకు ఒకసారి చొప్పున, పాలు మానేవరకు మందు పట్టించి, ఆ తరువాత ఆరు నెలల వరకు నెలకొకసారి కొనసాగించడం సాధారణ పద్ధతి. పేగుల్లో చేరే కాక్సిడియా అనే ఏకకణ పరాన్నజీవికి ఈ పురుగుల మందులేవీ పనిచేయవు. దానికి మందు వేరు.

ఇక ఇంట్లోని మందుల పెట్టె జోలికి అసలు పోకూడదు. మనుషుల జ్వరానికి వాడే పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు, ఎందుకంటే దానిని విరిచి బయటకు పంపే ప్రక్రియ పిల్లి కాలేయంలో చాలా బలహీనం. సాలిసిలేట్ (ఆస్పిరిన్ జాతి పదార్థం) కలిసిన కడుపు మందులు కూడా ఈ కోవకే చెందుతాయి. విరేచనం కట్టే మాత్రలు లోపల ఉన్న విషాన్నీ క్రిముల్నీ బయటకు పోకుండా ఆపడమే కాక, పిల్లులలో విపరీతమైన ఉద్రేకం కలిగించవచ్చు. గతంలో మరో పిల్లికి రాసిన యాంటీబయాటిక్ మిగిలి ఉన్నదని వేయడం కూడా సరికాదు. అది పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులను తుడిచిపెట్టి, విరేచనాన్ని పొడిగించగలదు. పాలు పోస్తే బలం వస్తుందన్న నమ్మకం చాలా ఇళ్ళలో ఉంది కానీ, పాలలోని లాక్టోజును అరిగించుకునే శక్తి పాలు మానిన కూనలకు క్రమంగా తగ్గిపోతుంది. కడుపు ఎండగడితే విరేచనం ఆగుతుందన్న ఆలోచన మరీ ప్రమాదం. కూనను పస్తు ఉంచితే రక్తంలో చక్కెర పడిపోయి మూర్ఛ రావచ్చు.

తిండి ఆపకూడదు, పద్ధతి మార్చాలి. సులభంగా అరిగే ఒకే రకం ఆహారాన్ని రోజుకు నాలుగైదు సార్లు కొంచెం కొంచెంగా పెట్టాలి. తడి ఆహారంలో మూడు వంతులకు పైగా నీరే ఉంటుంది కనుక నీరు కోల్పోతున్న కూనకు పొడి గుళికల కన్నా అదే మేలు. ఉప్పు, ఉల్లి, వెల్లుల్లి ఏవీ లేకుండా ఉడికించిన కోడిమాంసం రెండు మూడు రోజులకు పనికివస్తుంది, అంతకు మించి దాని మీదే ఉంచితే ఎదిగే ఒంటికి కావలసిన కాల్షియం, టారిన్ అనే అమైనో ఆమ్లం అందవు. ఆహారం పడకపోవడమే కారణమని వైద్యుడు అనుమానించి కూన ఇంతకుముందు తినని మాంసకృత్తులున్న ఆహారం సూచిస్తే, కనీసం రెండు వారాలు అదొక్కటే పెట్టాలి; మధ్యలో ఎవరో ముద్దుకొద్దీ పెట్టిన ఒక చిరుతిండి ముక్క ఆ పరీక్షనంతా వృథా చేస్తుంది. ఇంట్లో అందరికీ ఈ సంగతి చెప్పి ఉంచాలి, ముఖ్యంగా పిల్లలకూ పెద్దవాళ్ళకూ. జబ్బు లేనప్పుడు ఆహారం మార్చవలసి వస్తే పాతదానిలో కొత్తది కలుపుతూ వారం పది రోజులలో మార్చాలి.

నీరసంగా వాలిపోయిన కూన నోట్లో బలవంతంగా నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అలాంటి కూనకు చర్మం కిందకో నరంలోకో ద్రవాలు ఎక్కించవలసింది వైద్యుడే. మింగగలిగే కూనకు మాత్ర వేసిన తరువాత సిరంజితో బుగ్గ పక్క నుండి కొద్ది కొద్దిగా నీరు పట్టించాలి. పొడి మాత్ర అన్నవాహికలో ఇరుక్కుంటే, ముఖ్యంగా డాక్సీసైక్లిన్ లాంటిదైతే, అక్కడ పుండు పడుతుంది. మలద్వారం చుట్టూ ఒరిసి ఎర్రబడకుండా గోరువెచ్చని నీటిలో తడిపిన మెత్తని గుడ్డతో అద్ది, వెంటనే ఆరేలా తుడవాలి. ముక్కి ముక్కి ఎర్రని కండ గొట్టంలా బయటకు వస్తే దానిని తడిగుడ్డతో కప్పి ఉంచి అప్పటికప్పుడు బయలుదేరాలి. మలద్వారం నుండి దారం వేలాడుతుంటే మాత్రం లాగకూడదు. లోపల అది పేగులను కోసేస్తుంది.

శుభ్రత లేకపోతే వేసిన మందంతా ఏట్లో పోసినట్టే. కాక్సిడియా గుడ్లు, జియార్డియా తిత్తులు కూన బొచ్చుకు అంటుకుని, అది ఒళ్ళు నాక్కున్నప్పుడు మళ్ళీ కడుపులోకే చేరతాయి. ట్రేలో మలం పడగానే తీసివేయాలి, ట్రేను రోజూ మరిగే నీటితో కడిగి పూర్తిగా ఆరబెట్టాలి. కాక్సిడియా గుడ్లకు బ్లీచ్ లెక్కలోకి రాదు, వేడికే చస్తాయి. పాన్‌ల్యూకోపీనియా వైరస్ ఇందుకు విరుద్ధం: ఏడాది దాకా ఇంట్లో బతికి ఉండగలదు, కానీ ఒక వంతు ఇంటి బ్లీచ్‌కు 32 వంతుల నీరు కలిపి, తుడిచిన చోట పది నిమిషాలు తడిగా ఉంచితే నశిస్తుంది. అయితే మూత్రం తడి ఉన్న ట్రేలో నేరుగా బ్లీచ్ పోస్తే విషవాయువు వెలువడుతుంది కాబట్టి ముందు సబ్బుతో కడిగి, ఆ తరువాతే వాడి, చివరికి మంచినీళ్ళతో కడిగేయాలి.

ట్రే ముట్టుకున్నవారు చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఎందుకంటే సాల్మొనెల్లా, క్యాంపైలోబాక్టర్ అనే బాక్టీరియా మనుషులకూ సోకుతాయి. గర్భిణులు ఈ పని మరొకరికి అప్పగించడం ఉత్తమం. కడుపులోని బిడ్డకు హాని చేయగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గుడ్లు మలంలో పడిన తరువాత సోకే స్థితికి రావడానికి ఒకటి నుండి ఐదు రోజులు పడుతుంది, అందుకే ప్రతిరోజూ ట్రే శుభ్రం చేయడం కూనకే కాక ఇంట్లో వారికీ రక్షణ.

మలం గట్టిపడగానే మందు మధ్యలో ఆపకుండా, చెప్పినన్ని రోజులు పూర్తి చేసి, ఆ తరువాత మరో నమూనా పరీక్ష చేయించాలి. పరాన్నజీవులేవీ లేవని తేలి, ఆహారం మార్చినా గుణం కనబడకపోతే ల్యుకేమియా వైరస్, ఎఫ్‌ఐవీ (పిల్లుల రోగనిరోధక శక్తిని దెబ్బతీసే వైరస్) రక్తపరీక్షలు, విటమిన్ బి12 స్థాయి, పొట్ట స్కానింగ్ గురించి వైద్యునితో మాట్లాడాలి. వెళ్ళేటప్పుడు రోజూ బరువు రాసిన కాగితం, ఇప్పటిదాకా వాడిన మందుల చీటీలన్నీ వెంట తీసుకువెళ్ళాలి.