కన్ను చెప్పినదాన్ని కొలిచి చూడటం ఎలా?

చీకట్లో తాడును చూసి పామనుకున్నవాడికి దీపం తెచ్చి చూపిస్తే చాలు, పాము మాయమైపోతుంది. అన్ని భ్రమలూ అంత తేలిగ్గా వదలవు. సంగతి తెలిశాక కూడా కన్ను పాతమాటే చెబుతూ ఉంటుంది. అలాంటి చోట తెలివి ఒక్కటే సరిపోదు, కొలత కావాలి. కింది పరీక్షలకు ఇంట్లో ఉన్న వస్తువులే చాలు. పిల్లల్ని కూర్చోబెట్టుకుని చేస్తే ఇంకా మంచిది.

ముందుగా, కంట్లో ఉన్న ఖాళీ

రూళ్ల నోట్‌బుక్‌లో ఒకే గీత మీద ఎడమవైపు ఇంటూ గుర్తు, దానికి 8 సెంటీమీటర్లు కుడిగా శనగగింజంత నల్లచుక్క పెట్టండి. ఎడమకన్ను మూసి, కుడికంటితో ఇంటూ గుర్తునే చూస్తూ పుస్తకాన్ని మెల్లగా దగ్గరకు తెచ్చుకోండి. ముఖానికి సుమారు 30 సెంటీమీటర్ల దూరంలో చుక్క కనబడకుండా పోతుంది. కంటి నరం రెటీనా (కంటి లోపల వెనకవైపున్న తెర) నుంచి బయటికి వెళ్లే చోట వెలుతురును పట్టే కణాలు ఉండవు. 1660ల్లో ఫ్రాన్స్‌లో ఎడ్మ్ మారియట్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి కనిపెట్టాడు.

చుక్క పోయిన చోట ఏం కనబడుతోందో ఇంకోసారి చూడండి. కన్నం లేదు, మసక లేదు. నోట్‌బుక్ గీత తెగకుండా సాగిపోతున్నట్టే ఉంటుంది. ఆ ముక్కను కన్ను చూడనే లేదు. పక్కన ఉన్నదాన్ని బట్టి మెదడు పూరించింది. మనం ‘చూడటం’ అనుకునేదాంట్లో ఇలాంటి ఊహ ఎంతో కలిసి ఉంటుంది.

తర్వాత, చందమామను మినపగింజతో కొలవండి

ఈ పరీక్షకు మన శ్రీకాకుళం జిల్లాలో కళింగపట్నం తీరం లాంటి చోటు మరొకటి లేదని నా అభిప్రాయం. పౌర్ణమి సాయంత్రం అక్కడ చందమామ సముద్రంలోంచే లేస్తుంది. వెంటనే ఫోన్ తీయకండి. ముందు కళ్లారా చూసి, ఎంత పెద్దగా ఉందో పక్కవాళ్లతో చెప్పండి. ఆ తర్వాత చెయ్యి బారుగా చాపి, వేళ్ల మధ్య మినపగింజ పట్టుకుని, ఒక కన్ను మూసి అడ్డం పెట్టండి. పళ్లెమంత అనిపించిన చంద్రుడు దాదాపు ఆ గింజ చాటుకే వెళ్లిపోతాడు. రాత్రి బాగా పైకెక్కాక, చిన్నగా కనిపిస్తున్నప్పుడు, మళ్లీ అదే గింజతో చూడండి. తేడా ఉండదు. రెండుసార్లూ చంద్రుడి వెడల్పు మన కంటి దగ్గర చేసే కోణం సుమారు అర డిగ్రీయే.

గాలి భూతద్దంలా పెద్దది చేసి చూపిస్తుందని చాలామంది అంటారు. అది సరికాదు. సముద్రం అంచున ఉన్నప్పుడు గాలి చంద్రుణ్ణి నిలువునా కాస్త నొక్కుతుంది, అంతే. పైగా నెత్తిమీద ఉన్నప్పటి కంటే అప్పుడు చంద్రుడు మనకు 6,000 కిలోమీటర్లకు పైగా దూరం. అంటే నిజానికి కాసింత చిన్నగానే ఉండాలి.

మరి పెద్దగా ఎందుకు కనిపిస్తుంది? శ్రీకాకుళం కాంప్లెక్స్ నుంచి బయల్దేరిన బస్సు రెట్టింపు దూరం పోతే కంట్లో దాని బొమ్మ సగమవుతుంది. బస్సు కుంచించుకుపోయిందని ఎవరైనా అనుకుంటారా? దూరాన్ని కలుపుకుని మెదడే సైజు సరిచేస్తుంది. ఆకాశం అంచున ఉన్నది ఎక్కువ దూరమని దాని లెక్క. మబ్బుల విషయంలో ఆ లెక్క సరైనదే. చంద్రుడికి వర్తించేసరికి బెడిసికొడుతుంది: ఎక్కువ దూరంలో ఉన్నాడనుకుని మెదడు అతణ్ణి పెద్దగా చూపిస్తుంది. ఈ ఒక్క కారణంతోనే అంతా తేలిపోదనే శాస్త్రవేత్తలూ ఉన్నారు. చుట్టిన కాగితం గొట్టంలోంచి, చుట్టుపక్కల ఏమీ కనబడకుండా చూస్తే చాలామందికి చంద్రుడు చిన్నబోతాడు. గొట్టం తీసేయగానే మళ్లీ పెద్దవాడే! గింజతో కొలిచినవాడికి కూడా అంతే.

చేతిని కూడా పరీక్షించండి

చలికాలం రాత్రి బుడితి ఊళ్లో చేసిన ఇత్తడి చెంబు, చెక్కపీట ఒకే గదిలో పక్కపక్కన ఉంచండి. పొద్దున్నే ముట్టుకుంటే చెంబు చల్లగా, పీట మామూలుగా ఉంటాయి. థర్మామీటర్ పెడితే రెండూ ఒకటే. చర్మం వస్తువు వేడిని నేరుగా కొలవదు, తనలోంచి వేడి ఎంత త్వరగా పోతోందో దాన్ని బట్టి చెబుతుంది. ఇత్తడి వేడిని చప్పున లాగేస్తుంది.

రోడ్డు మీద

ఇది అన్నిటికంటే ముఖ్యం. ఎదురుగా వచ్చే లారీ, మోటార్‌సైకిల్ ఒకే దూరంలో, ఒకే వేగంతో వస్తున్నా, చిన్న బండి ఆలస్యంగా చేరుతుందని మనకు అనిపిస్తుంది. రాత్రి ఒంటి లైటు తప్ప ఏమీ కనబడనప్పుడు దూరం అంచనా ఇంకా కష్టం. ఎచ్చెర్ల, రణస్థలం దగ్గర 16వ నంబరు హైవే దాటేవాళ్లు ‘ఇంకా దూరంలోనే ఉందిలే’ అనే అంచనాను నమ్మవద్దు. ఒంటి లైటు కనిపిస్తే అది దాటిపోయేదాకా ఆగండి. పక్కన పిల్లలుంటే చెయ్యి పట్టుకుని ఆపండి. ఎందుకు ఆపారో కూడా అక్కడే చెప్పండి.