బేరియాట్రిక్ సర్జరీ తరువాత వదులైన చర్మాన్ని ఎలా చూసుకోవాలి

బరువు తగ్గించే శస్త్రచికిత్స చేయించుకున్నవారిలో చాలామందికి పొట్ట, జబ్బలు, తొడలు, రొమ్ముల దగ్గర చర్మం వదులై వేలాడుతుంది. ఏళ్ల తరబడి సాగిన చర్మంలో, దానికి బిగువునిచ్చే కొలాజెన్, ఎలాస్టిన్ తంతువులు దెబ్బతిని ఉంటాయి కాబట్టి, లోపలి కొవ్వు కరిగినా చర్మం పూర్తిగా బిగుసుకోలేదు. ఇందులో మీ లోపమేమీ లేదు. వయసు, తగ్గిన బరువు, పొగతాగే అలవాటు, వంశపారంపర్యంగా వచ్చిన చర్మ స్వభావం దీనిని చాలావరకు నిర్ణయిస్తాయి. చర్మాన్ని బిగిస్తామని చెప్పే క్రీములు పైపొరకు తేమనిస్తాయి తప్ప వేలాడే మడతను తగ్గించలేవు. వాటికి డబ్బు ఖర్చుపెట్టకపోవడమే మంచిది.

అందం సంగతి తరువాత, ముందు మడతల ఆరోగ్యం చూడాలి. పొట్ట కింద, గజ్జల్లో, రొమ్ముల కింద చెమట నిలిచి, చర్మం ఒకదానికొకటి ఒరుసుకుని ఎర్రబడుతుంది. ఆ తడిలోనే ఫంగస్ పెరుగుతుంది. రోజూ గాఢత లేని సబ్బుతో కడిగి, రుద్దకుండా మెత్తని గుడ్డతో అద్ది, మడతను ఎత్తిపట్టి పూర్తిగా ఆరనివ్వాలి. హెయిర్ డ్రైయర్ వాడితే చల్లగాలికే పెట్టుకోవాలి. మడతలో పలుచని నూలు గుడ్డ ఉంచి, తడిసినప్పుడల్లా మార్చడం, ఒరిసే చోట జింక్ ఆక్సైడ్ లేపనం రాయడం చాలామందికి ఉపశమనమిస్తాయి. దురద, దుర్వాసన, పుండు, చీము కనిపిస్తే సొంత వైద్యం మాని డాక్టరుకు చూపించాలి. పదేపదే వచ్చే దద్దుర్లను తేదీలతో ఫొటోలు తీసి ఉంచుకుంటే, తరువాత అదనపు చర్మాన్ని తొలగించే శస్త్రచికిత్స అవసరాన్ని నిరూపించడానికి అవి పనికివస్తాయి. నడిచేటప్పుడు చర్మం ఊగి నొప్పి పెడుతుంటే, ఒంటికి పట్టి ఉండే కంప్రెషన్ దుస్తులు వేసుకోవాలి.

కండను పెంచే వ్యాయామం వల్ల చర్మం కింది ఖాళీ కొంత నిండుతుంది, అదనపు చర్మం మాత్రం పోదు. ప్రొటీన్ విషయంలో అశ్రద్ధ పనికిరాదు: సాధారణంగా రోజుకు కనీసం 60 గ్రాములు అవసరమని చెబుతారు, మీకు ఎంత కావాలో మీ డైటీషియన్ నిర్ణయించాలి.

చర్మాన్ని తొలగించే శస్త్రచికిత్సకు తొందరపడకూడదన్నది నా గట్టి అభిప్రాయం. బరువు ఇంకా తగ్గుతుండగా చేయిస్తే మిగిలిన చర్మం మళ్లీ వదులవుతుంది. అందువల్ల బేరియాట్రిక్ సర్జరీ అయిన 12 నుంచి 18 నెలల తరువాత, బరువు కొన్ని నెలలపాటు నిలకడగా ఉన్నప్పుడే సర్జన్లు సాధారణంగా ఒప్పుకుంటారు. ఈలోగా రక్తహీనత, బి12, విటమిన్ డి, అల్బుమిన్ (రక్తంలోని ఒక ప్రొటీన్) పరీక్షలు చేయించి లోపాలను సరిదిద్దుకోవాలి, ఎందుకంటే పోషకాలు చాలని శరీరంలో గాయం సరిగా మానదు. పొగతాగేవారు శస్త్రచికిత్సకు కనీసం నాలుగు వారాల ముందే మానేయాలి, గాయం మానేదాకా మళ్లీ ముట్టకూడదు.

పానిక్యులెక్టమీలో వేలాడే పొట్ట చర్మాన్ని మాత్రమే తీస్తారు. అబ్డామినోప్లాస్టీలో పొట్ట కండరాలను కూడా బిగించవచ్చు. రెండింటిలో మీకు ఏది, ఎందుకు చేస్తున్నారో సర్జన్‌ను స్పష్టంగా అడగండి. పొడవైన మచ్చ మిగులుతుంది, కుట్లు విడిపోవడం, గాయం కింద నీరు చేరడం, ఇన్ఫెక్షన్ వంటి ఇబ్బందులు రావచ్చు. ఆపరేషన్ తరువాత ఒక కాలి పిక్క వాచి నొప్పి పుట్టినా, ఉన్నట్టుండి ఊపిరి అందకపోయినా అది రక్తపు గడ్డ కావచ్చు కనుక, ఆలస్యం చేయకుండా అత్యవసర విభాగానికి వెళ్లాలి.