ఇల్లంతా తెల్లగా ఉన్నా కళ లేదెందుకు? చిన్న ఫ్లాట్‌లో స్కాండినేవియన్ స్టైల్: సమస్యలు, పరిష్కారాలు

స్వీడన్, డెన్మార్క్, నార్వే దేశాల ఇళ్ళ తీరే స్కాండినేవియన్ స్టైల్. స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్‌లో డిసెంబరు నెలాఖరున పగలు సుమారు 6 గంటలే. మధ్యాహ్నం మూడు కాకముందే పొద్దు గుంకుతుంది. అక్కడివాళ్ళు గోడలకు తెలుపు వేసుకున్నది, లేత రంగు చెక్క వాడుకున్నది, కిటికీలకు పలచటి తెరలు కట్టుకున్నది దొరికిన కాస్త వెలుతురునీ ఇంట్లో నిలుపుకోవడానికే. హైదరాబాద్‌లో ఏడాదిలో అతి చిన్న పగలు కూడా దాదాపు 11 గంటలు ఉంటుంది. మనకు కరువైంది వెలుతురు కాదు. జాగా, దుమ్ము లేని గాలి, మధ్యాహ్నం పూట నీడ. ఈ తేడా మర్చిపోయి ఫొటో చూసి చేయించుకుంటే కింద రాసిన ఇబ్బందులన్నీ వరసగా వస్తాయి. మా 2 బీహెచ్‌కేలో చాలావరకు వచ్చాయి.

సమస్య: గోడలన్నీ తెల్లగా వేయించాం, హాలు ఆసుపత్రిలా ఉంది

మా అమ్మ ఊరి నుంచి వచ్చి సోఫాలో కూర్చోగానే అన్న మొదటి మాట: "ఇదేంటే, నర్సింగ్ హోమ్‌లో కూర్చున్నట్టుంది."

కారణం: మూడు విషయాలు కలిసొస్తాయి. బాగా తెల్లగా కనిపించే పెయింట్లలో చాలావాటికి నీలం ఛాయ ఉంటుంది. మన ఇళ్ళలో అలవాటైన ట్యూబ్‌లైట్ 6500 కెల్విన్‌ది (కాంతి రంగుకి కొలత కెల్విన్, అంకె పెరిగేకొద్దీ నీలం వైపు పోతుంది), అదీ నీలం వైపే. ఇక నేల. అక్కడి ఇళ్ళలో ఎక్కువగా చెక్క పలకల నేల, గది వెచ్చదనంలో సగం పాదాల కింద నుంచే వస్తుంది. మన అపార్ట్‌మెంట్లలో ఉండేది నిగనిగలాడే తెల్ల విట్రిఫైడ్ టైల్. తెలుపు మీద తెలుపు, దాని మీద నీలం కాంతి.

పరిష్కారం: ఖర్చు తక్కువైన పనితో మొదలుపెట్టండి. పెయింటర్‌కి ఫోన్ చేయకముందు బల్బులు మార్చండి. పెట్టె మీద 2700 లేదా 3000 కెల్విన్ అని ఉన్నవి తీసుకోండి. సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 దాటినవైతే చీర రంగు, కూర రంగు ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తాయి. గదంతటికీ నడినెత్తిన ఒకే లైటు వేసే అలవాటు మానండి. డెన్మార్క్‌కి చెందిన పౌల్ హెన్నింగ్‌సెన్ కంటికి గుచ్చుకోని దీపం కోసం దశాబ్దాలపాటు పనిచేశాడు. 1958లో ఆయన చేసిన పీహెచ్ 5 దీపం కింద కూర్చుంటే బల్బు కనపడదు, కాంతి మాత్రం బల్ల మీద మెత్తగా పరుచుకుంటుంది. ఖరీదైన ఆ దీపమే కొనక్కర్లేదు, ఆ పద్ధతి చాలు. డైనింగ్ టేబుల్‌కి రెండడుగుల పైన వేలాడే దీపం ఒకటి, సోఫా పక్కన ఒకటి, చీకటి మూలలో ఒకటి. బల్బు ఏదీ కూర్చున్న మనిషి కంట్లో పడకూడదు.

రెండు వారాలు అలా ఉండి చూడండి. అప్పటికీ చలిచలిగా అనిపిస్తే రంగు మార్చాల్సిందే. బ్లీచ్ చేయని కోరా గుడ్డ ముక్క ఒకటి గోడకి ఆనించి పగటి వెలుతురులో చూడండి. గోడలో దాగిన నీలం వెంటనే బయటపడుతుంది. తెల్ల కాగితంతో మాత్రం పోల్చకండి, కాగితాన్ని మెరిపించడానికి అందులోనూ నీలం మెరుపు కలుపుతారు. పెయింటర్‌తో పసుపు ఛాయ స్టెయినర్ (పెయింట్‌లో కలిపే రంగు) కొద్దికొద్దిగా కలిపించి, గోడ మీద రెండడుగుల చదరం వేయించండి. ఉదయం, మధ్యాహ్నం, రాత్రి లైట్ల కింద చూశాకే ఖాయం చేయండి. మ్యాట్ ఫినిష్ అడగండి. మెరిసే పెయింట్ అయితే పుట్టీలో ఉన్న ఎగుడుదిగుడులన్నీ చూపిస్తుంది.

నేల మార్చలేం కాబట్టి కప్పుదాం. బొచ్చు తివాచీ వద్దు, మన దుమ్ముకి నెల తిరక్కుండానే బూడిద రంగుకి వస్తుంది. స్వీడన్ పల్లెల్లో పాత బట్టలు చీల్చి నేసిన 'ట్రాస్‌మట్ట' అనే పలచటి తివాచీలు వాడతారు. పాత చీరలతో బొంత కుట్టే మనకు ఆ పని కొత్తేం కాదు. 2018లో జీఐ (భౌగోళిక) గుర్తింపు పొందిన వరంగల్ జంపఖానాలు ఈ స్టైల్‌కి చక్కగా సరిపోతాయి: నూలుది, పలచనిది, దులిపి ఎండలో ఆరేయొచ్చు.

సమస్య: ఎంత సర్దినా చిందరవందరగానే ఉంది

నా దృష్టిలో అసలు సమస్య ఇదే.

కారణం: మన బద్ధకం కాదు. స్వీడన్‌లో ఫ్లాట్‌తోపాటు బేస్‌మెంట్‌లోనో పైకప్పు కిందో చిన్న స్టోర్ రూమ్ ఒకటి ఇవ్వడం మామూలు. బట్టలుతికే మెషీన్లు కూడా చాలా బిల్డింగుల్లో అందరికీ కలిపి ఒకచోట ఉంటాయి. సూట్‌కేసులు, చలికాలపు బూట్లు, క్రిస్మస్ సామాను ఆ స్టోర్‌లోకి పోతాయి. ఫొటోలో కనిపించే ఖాళీ హాలు వెనక, ఫొటోలో కనిపించని ఆ గది ఉంది. మన బియ్యం బస్తా, ఆవకాయ జాడీలు, గ్రైండర్, చుట్టాలొస్తే పరిచే పరుపులు, బొమ్మల కొలువు పెట్టె అన్నీ ఫ్లాట్‌లో ఉన్న 900 చదరపు అడుగుల్లోనే ఇమడాలి.

పరిష్కారం: ఆ స్టోర్ రూమ్‌ని మనమే కట్టుకోవాలి. బెడ్‌రూమ్‌లో ఒక గోడ మొత్తం దానికి వదిలేయండి. నేల నుంచి శ్లాబ్ దాకా, రెండడుగుల లోతు, షటర్లు గోడ రంగులోనే, హ్యాండిల్స్ లేకుండా. గోడలో కలిసిపోయి అది అల్మరా అని కంటికి ఆనదు. అటక మీది సామానంతా కూడా అందులోకే.

కార్పెంటర్ డ్రాయింగ్ గీయకముందు ఒక ఆదివారం కేటాయించి, దాచాల్సిన ప్రతి వస్తువునీ టేపుతో కొలిచి రాయండి. మేము ఈ పని చేయలేదు. అరల మధ్య 14 అంగుళాలు వదిలారు, మా గ్రైండర్ ఎత్తు 16. అది ఏడాదిపాటు హాల్లో డైనింగ్ టేబుల్ కిందే ఉంది, అటు చూసినప్పుడల్లా నాకు బాధేసేది. చివరికి అర విప్పించి పైకి జరిపించాం. మీరు ముందే కొలవండి.

హాలు 10 బై 12 అయితే ఎల్ ఆకారం సోఫా జోలికి పోకండి. ఇద్దరు కూర్చునే సోఫా, విడిగా రెండు కుర్చీలు చాలు. కొనేముందు పాత న్యూస్‌పేపర్లు సోఫా సైజులో నేల మీద పరిచి, రెండు రోజులు వాటి చుట్టూ తిరగండి. నడవడానికి రెండున్నర అడుగులు మిగలాలి. కాళ్ళున్న సోఫా తీసుకుంటే కింద నేల కనిపించి గది పెద్దదనిపిస్తుంది.

సమస్య: లేత చెక్క పసుపెక్కింది, కొన్నిచోట్ల ఉబ్బింది

పసుపెక్కడానికి ఎండ ఒక కారణం, నూనె ఆధారిత పాలిష్ ఇంకో కారణం. ఆ పాలిష్ కాలం గడిచేకొద్దీ తనంతట తానే పసుపు రంగుకి తిరుగుతుంది. పైన్ చెక్క అయితే ఎండకి నారింజ రంగు దాకా పోతుంది. స్కాండినేవియాలో లేత చెక్కకి సబ్బునీళ్ళ పూత పూసే పాత పద్ధతి ఉంది. చెక్క తెల్లదనం నిలుస్తుంది కానీ అస్తమానం మళ్ళీ పూయాలి. మనకు వాటర్ బేస్డ్ పీయూ (పాలియురెథేన్) మ్యాట్ కోటింగ్ వీలు. పాత పాలిష్‌ని ఎమెరీ పేపర్‌తో పూర్తిగా గీకించాకే వేయించండి, లేకపోతే కింది పసుపు అలాగే కనిపిస్తుంది.

ఉబ్బు సంగతి వేరు. అది పార్టికల్ బోర్డు, అంటే చెక్క పొట్టుని జిగురుతో అదిమి చేసిన పలక. రోజూ తడిగుడ్డ పెట్టి తుడిచే మన నేల మీద దాని కింది అంచు నీళ్ళు పీల్చుకుంటుంది. ఒకసారి ఉబ్బితే మళ్ళీ తగ్గదు, ఆ పలక మార్చాలి. ఈసారి అడుగున కాళ్ళు పెట్టించి నేలకి నాలుగంగుళాలు పైకి లేపండి. సింక్ కింద ఐఎస్ 710 (భారత ప్రమాణం) ముద్ర ఉన్న, నీటిని తట్టుకునే మెరైన్ ప్లైవుడ్ తప్ప వేరేది వద్దు. చెక్క కింద పిండిలా పొడి రాలుతుంటే అది తడి కాదు, పుచ్చు పురుగు. మందు కొట్టించాలి.

సమస్య: పలచటి తెల్ల తెరలు కట్టాక మధ్యాహ్నం గది ఉడికిపోతోంది

ఆ తెరలు వెలుతురుని లోపలికి రానివ్వడానికి పుట్టినవి. పడమటి ఎండ అద్దం దాటి లోపలికొచ్చాక ఏ కర్టెన్ వేసినా ఉపయోగం తక్కువ. బాల్కనీ వైపు, కిటికీ బయట వెదురు తెర దించండి. లోపల తెల్లది ఉంచుకోవచ్చు.

సమస్య: తెల్ల కిచెన్‌కి పసుపు మరకలు

మన పోపుకి, పసుపుకి తెల్ల షటర్లు నిలబడవు. కింది షటర్లు చెక్క రంగులో, పైవి తెల్లగా చేయించండి. పొయ్యి పక్కన తలుపుల్లేని అరలు వద్దు. నూనె జిడ్డు మీద దుమ్ము కూర్చుంటే గోరుతో గీకాల్సి వస్తుంది. పసుపు మరక పడితే అతిగా రుద్దకండి. సబ్బుతో తుడిచి, ఊడివచ్చే వస్తువైతే ఎండలో పెట్టండి. పసుపులోని రంగు ఎండకి విరిగిపోతుంది.

సమస్య: అన్నీ సరిచేశాం, ఇల్లు బోసిగానే ఉంది

కారణం: స్కాండినేవియన్ అంటే రంగుల్లేకపోవడం అనుకోవడం. స్వీడన్‌లో సుండ్‌బోర్న్ అనే ఊళ్ళో చిత్రకారులు కార్ల్ లార్సన్, కారిన్ లార్సన్ దంపతుల ఇల్లు ఉంది. ఆ స్టైల్‌కి మూలాల్లో ఒకటిగా చెప్పుకునే ఇల్లది. అక్కడ భోజనాల గదిలో ఎరుపు, ఆకుపచ్చ గాఢంగా ఉంటాయి. గుడ్డలు చాలావరకు కారిన్ స్వయంగా నేసినవి, కుట్టినవి. వాళ్ళ ఇంట్లో వాళ్ళ చేతిపని కనిపిస్తుంది.

పరిష్కారం: బొమ్మల షాపులో దొరికే స్వీడన్ గుర్రం బొమ్మ కొనకండి. లేత చెక్క పక్కన మన ఇత్తడి ఎంత బాగుంటుందో పెట్టి చూస్తేనే తెలుస్తుంది. ఏటికొప్పాక లక్క బొమ్మ, మంగళగిరి నూలు కుషన్ కవర్ కూడా అంతే. ఒక గదిలో ఒకటి రెండు చాలు, చుట్టూ కాస్త ఖాళీ వదలాలి. మా హాల్లో ఆ చోటు అమ్మమ్మ మరచెంబుకి ఇచ్చాం. నెలకోసారి చింతపండుతో తోమి కిటికీ పక్కన రబ్బరు చెక్క స్టూలు మీద పెడతాం. సాయంత్రం దీపం వెలిగించగానే దాని పసుపు వెలుగు వెనక తెల్ల గోడ మీద పడుతుంది. అమ్మ ఇప్పుడు వచ్చినప్పుడల్లా ఆ పక్క కుర్చీలోనే కూర్చుంటోంది.