పచ్చరాయి చేతికొస్తే ముందు చూడాల్సినవి

జాంబియా కాపర్‌బెల్ట్‌లో (రాగి గనుల ప్రాంతం) రాగి ఖనిజం పరీక్షించడమే నా ఉద్యోగం. ల్యాబ్‌లో కొత్తగా చేరిన కుర్రాళ్లు శాంపిల్ రాగానే "సార్, టోటల్ కాపర్ ఎంత?" అంటారు. ఆ ఒక్క అంకె చూసి ప్లాంట్ కట్టకూడదు. ఆసిడ్‌లో కరిగే రాగి ఎంతో కూడా అడగండి. రెండింటికీ మధ్య తేడా పెద్దదైతే సల్ఫైడ్ (గంధకంతో కలిసిన రాగి, ఆసిడ్‌లో తేలిగ్గా కరగదు) కలిసుందేమో చూడాలి. క్యుప్రైట్ (రాగి ఆక్సైడ్) ఉన్నా తేడా వస్తుంది. ఫెర్రిక్ ఇనుము లాంటి ఆక్సీకారి లేకపోతే పలచని సల్ఫ్యూరిక్ ఆసిడ్‌లో దాని రాగి సగమే కరుగుతుంది.

తర్వాత రాయి మీద పలచని హైడ్రోక్లోరిక్ ఆసిడ్ ఒక చుక్క వేయండి. పొంగగానే "కాల్సైట్" (సున్నపురాయిలోని ఖనిజం) అనెయ్యకండి, మలకైట్ (పచ్చటి రాగి కార్బొనేట్) కూడా పొంగుతుంది. తేడా చుక్క రంగులో ఉంటుంది. మలకైట్ మీద చుక్క పచ్చబడుతుంది, కాల్సైట్ మీద రంగు రాదు. అసలు పొంగని నీలిపచ్చ రాయి క్రిసోకోలా (రాగి సిలికేట్) కావచ్చు. పాతకాలం జియాలజిస్టులు నాలుక ఆనించి, అంటుకుంటే క్రిసోకోలా అనేవారు. మీరా పని చేయకండి.

కాల్సైట్ గొడవ ఎందుకంటే, టన్ను రాయిలో 2 శాతం రాగి ఉంటే దాన్ని కరిగించడానికి సుమారు 31 కిలోల సల్ఫ్యూరిక్ ఆసిడ్ చాలు. అదీ ఎలక్ట్రోవిన్నింగ్‌లో (ద్రావణంలోని రాగిని కరెంటుతో తీయడం) చాలావరకు తిరిగొస్తుంది. అదే రాయిలో 10 శాతం కాల్సైట్ ఉంటే అది 98 కిలోల ఆసిడ్‌ని జిప్సం చేసి కూర్చుంటుంది. ఒక్క చుక్కా వెనక్కి రాదు. అలాంటి రాయిలో రాగి మలకైట్ రూపంలో ఉంటే ఫ్లోటేషన్ (ఖనిజాన్ని గాలి బుడగలకు అంటించి నురగలో తేల్చడం) వైపు చూడండి. క్రిసోకోలా అయితే తేలదు, లీచింగే (ఆసిడ్‌లో కరిగించడమే) గతి.

మలకైట్‌ని తేల్చాలంటే ముందు సోడియం సల్ఫైడ్‌తో దాని పైపొరను సల్ఫైడ్‌గా మార్చి, ఆపైన జాంథేట్ (ఖనిజం బుడగకు అంటుకునేలా చేసే రసాయనం) వేయాలి. సల్ఫైడ్ కొంచెం కొంచెంగా, విడతలుగానే పొయ్యండి. ఒక నైట్ షిఫ్ట్‌లో రికవరీ పెంచుదామని నేను ఒకేసారి ఎక్కువ పోయించా. పది నిమిషాల్లో నురగలో పచ్చదనం పోయి వట్టి తెల్ల బుడగలు మిగిలాయి. మిగులు సల్ఫైడ్ జాంథేట్‌ని రాయికి అంటనివ్వదు. రాగి అంతా టెయిలింగ్స్‌లోకి (వ్యర్థంలోకి) పోయింది. ఇంకో మాట, ఆ సల్ఫైడ్ ట్యాంక్ దగ్గరికి ఆసిడ్ రానివ్వకండి, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. కుళ్లిన గుడ్ల వాసన వస్తే బయటికి పరిగెత్తండి. వాసన ఆగిందంటే గ్యాస్ పోయిందని కాదు, ముక్కు మొద్దుబారి ఉండొచ్చు.

మలకైట్ మెత్తన. గట్టి క్వార్ట్జ్‌కి తగ్గట్టు మిల్లు తిప్పితే అది బురదైపోతుంది. రాయి నుంచి విడివడేంత వరకే నూరండి.

హీప్ లీచింగ్ (రాయిని కుప్పపోసి పైనుంచి ఆసిడ్ చల్లడం) అనుకుంటే బంకమట్టి సంగతి చూడాలి. పిడికెడు రాయిపొడి తడిపి పిసకండి. ముద్ద కట్టి వేళ్లకు అంటుకుంటే, ఆసిడ్‌తో ఉండలు కట్టించకుండా కుప్ప వేయొద్దు. కాలమ్ టెస్టులో (నిలువు గొట్టంలో రాయి నింపి చేసే పరీక్ష) ద్రావణం పైనే మడుగు కట్టిందంటే, బయట కుప్పలోనూ అంతే.