రెస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్‌ని తీసుకుంటే గిట్టుబాటవుతుందా? ఎలా లెక్కేయాలి?

ఐపీఎల్ వేలంలో ఆర్‌టీఎం (రైట్ టు మ్యాచ్) కార్డు తెలుసు కదా, అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఇదీ దాదాపు అలాంటిదే. డ్రాఫ్ట్‌లో (కొత్త కుర్రాళ్లని టీమ్‌లు వరసగా ఎంచుకునేచోట) ఫస్ట్ రౌండ్‌లో తీసుకున్న కుర్రాడికి నాలుగేళ్ల రూకీ (తొలి) కాంట్రాక్ట్ అయిపోయాక పాత టీమ్ క్వాలిఫయింగ్ ఆఫర్ (ఒక్క ఏడాది కాంట్రాక్ట్) ఇస్తే చాలు, వాడు రెస్ట్రిక్టెడ్ అయిపోతాడు, బయటి టీమ్‌తో ఆఫర్ షీట్ (కాంట్రాక్ట్ ప్రతిపాదన) మీద సంతకం పెట్టినా అదే డబ్బుకి పాత టీమ్ మ్యాచ్ చేసి అట్టిపెట్టుకోవచ్చు.

సరే, మీ ఫేవరెట్ టీమ్ ఇలాంటోడి వెంట పడిందనుకోండి. ముందు చూడాల్సింది ఆటగాణ్ని కాదు, పాత టీమ్‌ని. వాళ్లకి వీడు లేకపోతే గడవదా? అయితే వదిలేయండి. 2022 జులైలో ఇండియానా పేసర్స్ డియాండ్రే ఏటన్‌కి నాలుగేళ్లకి 133 మిలియన్ డాలర్ల ఆఫర్ షీట్ ఇస్తే పాత టీమ్ ఫీనిక్స్ అదే రోజు మ్యాచ్ చేసేసింది, పేసర్స్‌కి మిగిలింది ఏం లేదు.

తర్వాత రేటు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. పాత టీమ్ వదులుకోవాలంటే వాళ్లకి "అమ్మో ఇంతా" అనిపించే రేటు పెట్టాలి, అంటే వాణ్ని రోజూ ప్రాక్టీస్‌లో చూసినవాళ్లే వద్దనుకున్న రేటుకి మీరు కొంటున్నారన్నమాట! 2017లో న్యూయార్క్ నిక్స్ టిమ్ హార్డవే జూనియర్‌కి నాలుగేళ్లకి 71 మిలియన్లు ఇచ్చింది, పాత టీమ్ అట్లాంటా మారు మాట్లాడకుండా వదిలేసింది, 2019 జనవరికల్లా నిక్స్ వాణ్ని డల్లాస్‌కి పంపేసింది. నన్నడిగితే గిట్టుబాటు బేరాలు ఇందులో తక్కువే.

రేటు పెంచకుండా ఇబ్బంది పెట్టే దారి ఒకటుంది, డబ్బుని ఏ ఏడాది ఎంత అని పంచడంలో. 2012లో హ్యూస్టన్ జెరెమీ లిన్‌కి మొదటి రెండేళ్లు సుమారు 5 మిలియన్ల చొప్పున పెట్టి మూడో ఏడాది ఏకంగా 15 మిలియన్ల దగ్గర పెట్టింది, మ్యాచ్ చేస్తే ఆ మూడో ఏడాది లగ్జరీ ట్యాక్స్‌తో (జీతాల ఖర్చు గీత దాటితే లీగ్‌కి కట్టేది) కలిపి వాచిపోతుందని పాత టీమ్ నిక్స్ వదిలేసింది, అప్పటికి న్యూయార్క్ ఊరంతా లిన్ జెర్సీలే అయినా. లిన్‌లాగా లీగ్‌లో ఒకటి రెండేళ్లే ఆడినవాళ్లకే కుదిరే ఈ కిటుకు బాగా పనిచేసేది ఎప్పుడంటే, పాత టీమ్ ఖర్చు అప్పటికే ట్యాక్స్ గీత దగ్గర ఉన్నప్పుడు.

ఇంకోటి మర్చిపోవద్దు, పాత టీమ్ తేల్చేదాకా మీ క్యాప్ స్పేస్ (జీతాల పరిమితిలో మిగిలిన చోటు) ఇరుక్కుపోతుంది, ఈలోపు మార్కెట్లో మంచోళ్లు అయిపోతారు.

ఇదంతా ఎందుకనుకుంటే నేరుగా పాత టీమ్‌తోనే మాట్లాడి సైన్ అండ్ ట్రేడ్ (పాత టీమే సంతకం చేయించి మీకు మార్చడం) చేసుకోవచ్చు. 2019లో పేసర్స్ మాల్కమ్ బ్రాగ్డన్‌ని అలాగే తెచ్చుకుంది, వాడికి 85 మిలియన్ల కాంట్రాక్ట్, పాత టీమ్ మిల్వాకీకి ఒక ఫస్ట్ రౌండ్ పిక్ (డ్రాఫ్ట్‌లో ఎంచుకునే హక్కు), రెండు సెకండ్ రౌండ్ పిక్‌లు ఇచ్చి.

ఇప్పుడు అటువైపు కూర్చోండి, మీరే పాత టీమ్. 2025 వేసవిలాగా బయట దాదాపు ఎవరి దగ్గరా క్యాప్ స్పేస్ లేకపోతే ఊరికే కూర్చున్నా చాలు, ఆ ఏడాది రెస్ట్రిక్టెడ్ ఆటగాళ్లు జొనాథన్ కుమింగా, జోష్ గిడ్డీ సెప్టెంబర్ దాకా సంతకమే పెట్టలేదు, క్యామ్ థామస్ అయితే దాదాపు 6 మిలియన్ల క్వాలిఫయింగ్ ఆఫరే తీసుకున్నాడు. కానీ మరీ బిగిస్తే దెబ్బ తగులుతుంది. డెట్రాయిట్‌లో గ్రెగ్ మన్రో 2014లో అలాగే క్వాలిఫయింగ్ ఆఫర్ తీసుకుని ఒక్క ఏడాది ఆడి మరుసటి వేసవిలో ఏ అడ్డూ లేకుండా మిల్వాకీ వెళ్లిపోయాడు. అలాగని మ్యాచ్ చేసినా పూర్తిగా సేఫ్ అనుకోకండి, ఎందుకంటే ఎదుటివాళ్లు రాసిన షరతులు కూడా మీవే అవుతాయి: 2014లో గోర్డన్ హేవర్డ్‌కి షార్లెట్ ఇచ్చిన 63 మిలియన్ల షీట్‌ని యూటా మ్యాచ్ చేసింది, అందులో నాలుగో ఏడాది ప్లేయర్ ఆప్షన్ (ఉండాలా వద్దా అన్నది ఆటగాడి ఇష్టం), 2017లో అది వద్దనేసి వాడు బోస్టన్ వెళ్లిపోయాడు, యూటాకి పైసా రాలేదు.