చేత్తో తీసే ఫొటో షేక్ అవ్వకుండా షటర్ స్పీడ్ ఎలా పెట్టాలి?

కెమెరా డయల్‌ను షటర్ ప్రయారిటీకి, అంటే షటర్ స్పీడ్ మీరు పెడితే మిగతాది కెమెరా చూసుకునే మోడ్‌కు, తిప్పండి. కొన్నింటిలో అది ఎస్ అని, కానన్‌లో టీవీ అని ఉంటుంది. ఆటో ఐఎస్ఓ (ఫొటో ఎంత వెలుగుగా రావాలో చూసి కెమెరాయే ఐఎస్ఓ అంకెను పెంచి తగ్గించే సెట్టింగ్) ఆన్ చేసి, పరిమితి 6400 పెట్టండి. ఐఎస్ఓ పెరిగితే ఫొటోలో కనిపించే ఇసుకలాంటి చుక్కలకు, అంటే నాయిస్‌కు, భయపడి 800 దగ్గర ఆపేయకండి. నాయిస్‌ను తర్వాత కంప్యూటర్‌లో చాలావరకు తగ్గించుకోవచ్చు. షేక్ అయిన ఫొటోను ఆ మాత్రం కూడా బాగుచేయలేం.

ఆటో ఐఎస్ఓలోనే కనీస షటర్ స్పీడ్ పెట్టుకోమని కొందరు చెబుతారు. ఆ సెట్టింగ్ సాధారణంగా మెనూ లోపల ఉంటుంది. నడిచే మనిషి పరుగందుకుంటే మెనూలో వెతుకుతూ కూర్చోవాలి. డయల్ మీద వేలుంటే ఒక్క తిప్పు చాలు.

ముందు చేతి వణుకు లెక్క చూద్దాం. 50 ఎంఎం లెన్స్‌కు సెకనులో 1/50 వంతు అన్నది ఫిల్మ్ కాలం నాటి సూత్రం. ఫిల్మ్ ఫ్రేము కంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ అయితే ఫోకల్ లెంగ్త్‌ను (లెన్స్ మీద ఉండే ఎంఎం అంకెను) 1.5తో, కానన్‌లో 1.6తో గుణించాలి. 24 మెగాపిక్సెళ్లు దాటితే వచ్చినదాన్ని రెట్టింపు చేయాల్సిందే. జూమ్ లెన్స్ ఎంతవరకు లాగారో ఆ అంకెనే తీసుకోండి. ఉదాహరణకు 24 మెగాపిక్సెళ్లు దాటిన 1.5 కెమెరాలో 200 ఎంఎంకు లాగితే 200ను 1.5తో గుణిస్తే 300, రెట్టింపు 600, డయల్ మీద దాని తర్వాతి అంకె 1/640.

ఎక్కువమంది తప్పు చేసేది దీని తర్వాతే. లెన్స్‌లోనో కెమెరాలోనో వణుకును సర్దే స్టెబిలైజర్ ఉంది కదా అని 1/15కి దిగిపోతారు. అది మీ చేతి వణుకును సర్దుతుంది, ఎదుట కదిలేదాన్ని ఆపలేదు. అందుకే కదలికకు వేరే లెక్క ఉంది: కూర్చుని మాట్లాడేవారికి 1/125, నడిచేవారికి 1/250, పరిగెత్తే పిల్లలకు 1/1000, ఎగిరే పక్షికి 1/2000. మీకు ఎదురుగా వచ్చే మనిషి కంటే అడ్డంగా వెళ్లే మనిషికి ఎక్కువ స్పీడ్ కావాలి. దగ్గరగా ఉంటే ఇంకా ఎక్కువ. చేతి లెక్క, కదలిక లెక్క రెండూ వేసి, ఏది వేగమైతే అది పెట్టండి. ఫొటో చీకటిగా వస్తే ఐఎస్ఓ పరిమితి పెంచండి. షటర్ జోలికి మాత్రం వెళ్లొద్దు.

ఒక ఫొటో తీసి, 100 శాతానికి జూమ్ చేసి చూడండి. కళ్లలో మెరిసే వెలుగు చుక్క చిన్న గీతలా సాగి, వెనక గోడ అంచులు కూడా అదే దిక్కుకు సాగితే తప్పు మీ చేతిది. గోడ స్పష్టంగా ఉండి, చప్పట్లు కొట్టే వేళ్లు మాత్రం చెరిపేసినట్టుంటే అది ఎదుటి కదలిక. మొహం మెత్తగా, ఎటూ సాగకుండా ఉండి, వెనకున్న ఆకులు షార్ప్‌గా కనిపిస్తే ఫోకస్ తప్పింది. అప్పుడు షటర్ ఎంత పెంచినా ఏమీ మారదు. ఈ మూడింటినీ వేరుచేసి చూడకుండా అంకెలు మార్చేవారికి అదే తప్పు మళ్లీ మళ్లీ ఎదురవుతుంది.

ఎడమ అరచేయి లెన్స్ కింద, మోచేతులు పక్కటెముకలకు ఆనించి ఉండాలి. బటన్ సగం నొక్కి, ఊపిరి వదిలి, మిగతా సగం మెల్లగా నొక్కండి. పొడిచినట్టు నొక్కితే కెమెరా కిందికి ఊగుతుంది. తక్కువ వెలుతురులో బర్స్ట్ (బటన్ నొక్కి ఉంచితే వరసగా ఫొటోలు తీసే మోడ్) పెట్టి మూడేసి తీయండి. వేలి కుదుపు ఎక్కువగా మొదటి ఫ్రేములోనే పడుతుంది, రెండోది తరచూ నిలకడగా వస్తుంది. ఏది ఉంచాలో కెమెరా చిన్న తెర మీద మామూలుగా చూసి తేల్చకండి, అక్కడ అన్నీ షార్ప్‌గానే కనిపిస్తాయి.